మెట్ల తలుపు మూసి ఉందో లేదో చూడమనండి

తెలంగాణ అగ్నిమాపక శాఖ డైరెక్టర్ జనరల్ గారికి,



నేను హైదరాబాద్‌లో ఒక పెద్ద అపార్ట్‌మెంట్ సముదాయంలో పదకొండో అంతస్తులో ఉంటాను. మా ఓనర్ల సంఘంలో మెయింటెనెన్స్ చూసే బాధ్యత నాది. మీ సిబ్బంది మీద ఫిర్యాదు చేయడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. పొగలోకి దూరి, ముక్కూ మొహం తెలియని మనుషుల్ని భుజాన వేసుకుని మోసుకొచ్చే వాళ్లకు ఈ నగరం రుణపడి ఉంది. మీ బండి మా గేటు దగ్గరికి చేరేలోపు గడిచే నిమిషాల గురించి రాస్తున్నాను. ఆ నిమిషాల్లో మమ్మల్ని కాపాడాల్సింది మెట్ల దగ్గరుండే ఫైర్ డోర్. ఈ నగరంలో నేను ఎక్కి దిగిన చాలా భవనాల్లో అది పేరుకే ఉంది. దాన్ని మళ్లీ పనిచేసే తలుపుగా మార్చగల అధికారం మీ చేతిలో ఉంది కాబట్టి మీకు రాస్తున్నాను. నాలాంటి అపార్ట్‌మెంటు వాసులంతా చదవాలి కాబట్టి బహిరంగంగా రాస్తున్నాను.

అగ్నిప్రమాదం అనగానే అందరికీ మంటే కళ్లముందు మెదులుతుంది. ఎక్కువమందిని పొట్టన పెట్టుకునేది మాత్రం పొగ. ఇది మీకు కొత్త సంగతి కాదు, మా ఇరుగుపొరుగుకు కొత్తే. 2022 సెప్టెంబర్ 12 రాత్రి సికింద్రాబాద్ రూబీ హోటల్‌లో ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. కింద విద్యుత్ స్కూటర్ల షోరూం, పైన లాడ్జి. అంటుకున్నది కింద. పొగ మెట్ల దారి పట్టి లాడ్జి అంతస్తులకు ఎక్కింది. దిగాల్సిన దారిలోంచే పొగ ఎక్కి వస్తుంటే మనిషి ఎటు పోతాడు? 8 మంది చనిపోయారు. ఆరు నెలలు తిరిగాయో లేదో, 2023 మార్చి 16 సాయంత్రం స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో మంటలు లేచాయి. అయిదో అంతస్తు ఆఫీసులో చిక్కుకున్న 6 మంది ఊపిరాడక పోయారు. అందరూ ఇరవై రెండు, ఇరవై మూడేళ్ల పిల్లలు. వరంగల్, ఖమ్మం, మహబూబాబాద్ వైపు నుంచి ఉద్యోగం కోసం నగరానికి వచ్చినవాళ్లు. ఆ ఏడాదే నవంబర్ 13న నాంపల్లి బజార్‌ఘాట్‌లో అపార్ట్‌మెంటు కింద నిల్వ పెట్టిన రసాయనాలు అంటుకుని పైన కాపురం ఉంటున్నవాళ్లలో కనీసం 9 మంది పోయారు. 2025 మే 18 ఉదయం గుల్జార్ హౌజ్ దగ్గర ఒకే కుటుంబానికి చెందిన 17 మంది. వాళ్లలో 8 మంది పిల్లలు.

ఈ నాలుగింటినీ ఒకే గాటన కట్టడం నా ఉద్దేశం కాదు. గుల్జార్ హౌజ్ ఇల్లు పాతది, రాకపోకలకు ఒకటే ఇరుకు దారి. అలాంటి ఇంట్లో ఫైర్ డోర్ ఊసే ఉండదు, దానికి వేరే ఉపాయం ఆలోచించాలి. కానీ ఇన్ని చావులు విన్నాక ఒక సంగతి మనసులో నాటుకుపోయింది. వేడి పొగ ఎప్పుడూ పైకే పోతుంది. కింది నుంచి డాబా దాకా అడ్డు లేకుండా తెరిచి ఉన్న మెట్ల గది దానికి పొగగొట్టం. సోఫాల్లోని ఫోం, ప్లాస్టిక్ సామాను, కరెంటు వైర్ల తొడుగులు కాలితే అందులోంచి కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ సయనైడ్ వస్తాయి. అవి పీల్చిన మనిషికి ముందు ఆలోచన మందగిస్తుంది, దారి తోచదు, తర్వాత కాళ్లు తేలిపోతాయి. మంట ఎక్కడో రెండో అంతస్తులో ఉండగానే పన్నెండో అంతస్తు మనిషి మెట్ల మీద కూలబడిపోయేది ఇందుకే.

ఆ పొగకు అడ్డు నిలవాల్సింది ఫైర్ డోర్. జాతీయ భవన నిర్మాణ నియమావళి 2016, నాలుగో భాగంలో దీని గురించి స్పష్టంగా ఉంది. తప్పించుకునే దారిలో, ముఖ్యంగా మెట్లకూ లిఫ్ట్ లాబీకీ వెళ్లే చోట్ల, 120 నిమిషాలు మంటను తట్టుకునే తలుపులు ఉండాలి. అవి వాటంతట అవే మూసుకోవాలి. రెండు గంటలు! నిచ్చెన బండ్లు వచ్చి, గొట్టాలు పరిచి, పై అంతస్తులు ఖాళీ చేయించడానికి అది చాలినంత వ్యవధి. కానీ ఆ రెండు గంటల లెక్క తలుపు మూసి ఉన్నప్పటిది. రెండంగుళాలు తెరిచి ఉన్నా ఆ తలుపు ఆపేదేమీ లేదు.

మా సంఘంలో చాలామంది ఇంజనీర్లున్నారు. అయినా ఫైర్ డోర్ అంటే మందపాటి ఇనుప తలుపు అనే అనుకుంటారు. అసలు సంగతి దాని చుట్టూ ఉంది. తలుపు అంచునో చౌకట్టు గాడిలోనో వేలెడు వెడల్పున్న ఒక పట్టీ ఉంటుంది. మామూలప్పుడు దాన్ని ఎవరూ పట్టించుకోరు. వేడి తగలగానే అది ఉబ్బి, తలుపుకూ చౌకట్టుకూ మధ్య సందును పూడ్చేస్తుంది. అయితే పొగ అంత వేడెక్కకముందే, మంట దూరంగా ఉన్నప్పుడే, సందుల్లోంచి దూరుతుంది. దాన్ని ఆపడానికి కుచ్చులాంటి ఇంకో పట్టీ ఉంటుంది. పైన తలుపును లాగి మూసే క్లోజర్, పక్కన మడత బందులు, నడిమిన లాచ్. తలుపు తనంతట తాను వచ్చి లాచ్ టక్కుమని పడాలి. లాచ్ పడకపోతే మంట పుట్టించే ఒత్తిడికి తలుపు వెనక్కి తెరుచుకుంటుంది. మడత బందుల వైపు అంచున చిన్న రేకు ముక్క మీద ఎన్ని నిమిషాల తలుపో, ఎవరు చేశారో, ఏ పరీక్షకు నిలిచిందో ముద్రించి ఉంటుంది. మా రెండో టవర్‌లో ఆ రేకుల మీద కూడా పెయింటర్లు నిండుగా రంగు పూశారు. గోటితో గీకితే గానీ అక్షరాలు బయటపడలేదు.

ఎత్తయిన భవనాల్లో మెట్ల గదిలోకి పైనుంచి గాలి ఊదే పెద్ద ఫ్యాన్లు కూడా ఉంటాయి. అలారం మోగగానే అవి తిరగాలి. మెట్ల లోపల గాలి ఒత్తిడి బయటికన్నా ఎక్కువగా ఉంటే పొగ లోపలికి దూరలేదు. లక్షలు పోసి ఆ ఫ్యాన్లు పెట్టి, ప్రతి అంతస్తులో తలుపులు బార్లా తెరిచి పెడితే ఆ గాలి అంతా వరండాల్లోకి పోతుంది. ఫ్యాన్ తిరుగుతున్న చప్పుడు వినబడుతుంది, పొగ మాత్రం మెట్లలోకి వస్తూనే ఉంటుంది.

భవనంలో ఉన్న మిగతా అగ్నిమాపక సామాను పక్కన దీన్ని పెట్టి చూడండి. పంపుకు కరెంటో డీజిలో కావాలి. స్ప్రింక్లర్‌కు ట్యాంకులో నీళ్లుండాలి. ఎర్ర సిలిండర్‌కు దాన్ని వాడటం తెలిసిన మనిషి, ధైర్యం ఉన్న మనిషి కావాలి. తలుపుకు ఇవేవీ అక్కర్లేదు, మూసి ఉంటే చాలు. అర్ధరాత్రి కరెంటు పోయి, ట్యాంకు ఎండి, వాచ్‌మన్ నిద్రపోతున్నా అది తన పని చేస్తుంది. ఇంత సులువైనది, ఇంత నమ్మకమైనది ఇంకొకటి లేదు. మనుషులు రోజూ తమ చేతులతో తామే చెడగొట్టుకునే సామాను కూడా ఇదే. పంపు గదికి తాళం ఉంటుంది, దాని జోలికి ఎవరూ పోరు. మెట్ల తలుపుతో మాత్రం ఇంటింటికీ రోజూ పని ఉంటుంది.

ఒక తలుపు ఎలా పాడవుతుందో దగ్గర నుంచి చూశాను కాబట్టి చెబుతాను. కొత్త టవర్‌లోకి జనం దిగుతున్న రోజుల్లో ప్యాకర్స్ అండ్ మూవర్స్ వాళ్లు బీరువాలు, మంచాలు మోసుకొస్తూ తలుపు మాటిమాటికీ మూసుకుపోతోందని కింద ఇటుక పెడతారు. వాళ్లు వెళ్లిపోతారు, ఇటుక ఉండిపోతుంది. వారాల తరబడి పూర్తిగా తెరిచి ఉన్న తలుపు బరువుకు బందులు కొద్దిగా వంగుతాయి. తలుపు మూల నేలకు రాసుకోవడం మొదలవుతుంది. పింగాణీ టైల్ మీద అర్ధచంద్రాకారంలో గీత పడుతుంది. మీ అధికారులు ఏ భవనానికి వెళ్లినా ముందు ఆ గీత కోసం చూడమనండి, అది కనబడితే ఆ తలుపు సంగతి తేలిపోయినట్టే. ఆ తర్వాత క్లోజర్‌లోంచి నూనె కారుతుంది. నూనె పోయిన క్లోజర్ తలుపును నెమ్మదిగా మూయలేదు, ధడేలుమని కొడుతుంది. పక్క ఫ్లాట్‌లో పసిబిడ్డ ఉలిక్కిపడి లేస్తుంది. ఆ తల్లి వాచ్‌మన్‌కు చెబుతుంది. వాచ్‌మన్ స్క్రూడ్రైవర్ తెచ్చి క్లోజర్ చెయ్యి ఊడదీస్తాడు. ఇందులో ఎవరిది తప్పు? పాపను నిద్రపుచ్చుకోవాలనుకున్న తల్లిది కాదు, ఆమె మాట విన్న వాచ్‌మన్‌దీ కాదు. కారిన క్లోజర్‌ను మార్చడానికి ఒక పద్ధతి, ఒక బాధ్యుడు, స్టోర్‌లో ఒక కొత్త క్లోజర్ లేకపోవడమే తప్పు. ఇంతలో ఇంటర్నెట్ కుర్రాడు వచ్చి చౌకట్టు పక్కన గోడకు బెజ్జం వేసి వైరు లాగుతాడు. ఆ బెజ్జాన్ని ఎవరూ పూడ్చరు. రెండేళ్లు తిరిగేసరికి అక్కడ తలుపు ఉంటుంది గానీ ఫైర్ డోర్ ఉండదు.

ఎలక్ట్రికల్ షాఫ్ట్ తలుపులదీ ఇదే కథ. కింది నుంచి పైదాకా కేబుళ్లు పోయే ఆ గూడులో పాత పేపర్లు, చీపుర్లు, పండగ లైట్ల డబ్బాలు పెడతారు. ప్రతి అంతస్తు దగ్గర స్లాబులో కేబుళ్ల చుట్టూ పూడ్చాల్సిన సందు అలాగే ఉంటుంది. మెట్ల తలుపు మూసి ఈ సందు వదిలేస్తే పొగకు రెండో దారి ఇచ్చినట్టే.

తలుపులు మూసి ఉంచాలని మా టవర్లలో పట్టుబట్టినప్పుడు మూడు మాటలు ఎదురయ్యాయి. మూడింటిలోనూ నిజం ఉంది కాబట్టి వాటిని దాటవేయను.

మొదటిది గాలి. "సార్, మూసేస్తే వరండాలో ఉక్కపోస్తోందని మేడమ్‌లు అంటున్నారు" అని వాచ్‌మన్ నాతో అన్నాడు. నిజమే, ఏప్రిల్, మే నెలల్లో మూసిన వరండాలో నిలబడలేం. దానికి కిటికీ ఉండాలి, ఎగ్జాస్ట్ ఉండాలి. వరండాకు గాలి వచ్చే దారి బిల్డర్ వదలకపోతే ఆ భారం మెట్ల తలుపు మోస్తోంది. నక్షా ఆమోదించే దశలోనే ఇది చూడాల్సిన సంగతి.

రెండోది బరువు. మా అంతస్తులో ఒక పెద్దావిడ చేతికర్రతో నడుస్తారు. "బాబూ, ఈ తలుపు తొయ్యడానికి నాకు బలం చాలదు. ఇది మూసి ఉంటే మంటలొస్తే ముందు చచ్చేది నేనే" అన్నారు. ఆవిడ భయం న్యాయమైనది. క్లోజర్‌కు మూసుకునే వేగం సరిచేసే స్క్రూలుంటాయి, చాలా వాటిలో పట్టు తగ్గించే వీలు కూడా ఉంటుంది. మెకానిక్‌ను రప్పించి లాచ్ పడేంత పట్టు మాత్రం ఉంచి మిగతాది తగ్గించాం. ఇప్పుడు ఆవిడ భుజంతో నెడితే తలుపు కదులుతోంది. నిత్యం మంచాలు, చక్రాల కుర్చీలు తిరిగే ఆసుపత్రుల్లో, వృద్ధాశ్రమాల్లో ఇది కూడా చాలదు. అలాంటి చోట తలుపును తెరిచి పట్టుకునే అయస్కాంతాలు దొరుకుతాయి. అలారం మోగినా, కరెంటు పోయినా అవి పట్టు వదిలేస్తాయి, తలుపు మూసుకుంటుంది. ఇటుక వాడే ప్రతి చోటా ఆ అయస్కాంతం పెట్టవచ్చు. ఇటుకకు అలారం వినబడదు.

మూడోది ఆచారం, సాయంత్రం తలుపులు మూయకూడదన్నది. దీపాలు పెట్టే వేళ వాకిలి తలుపు వేసి ఉంచకూడదని, లక్ష్మి వచ్చే వేళ అని మా అమ్మ తరం నమ్మింది, మా ఇంట్లో ఇప్పటికీ పాటిస్తాం. దాన్ని మానుకోమని ఎవరినీ అడగను. సింహద్వారం ఆ ఇంటిది. మెట్ల తలుపు ఏ ఇంటిదీ కాదు, ఆ టవర్‌లో పడుకున్న ప్రతి ప్రాణిదీ. దానికి గడప పూజ లేదు, ముగ్గు లేదు, దాన్ని ఎవరూ తమదనుకోరు. అందుకే అది అనాథగా ఉంది.

మూసి ఉంచడం అంటే తాళం వేయడం కాదని ఇక్కడే గట్టిగా చెప్పాలి. మన దగ్గర ఒకటి సరిచేయబోతే ఇంకోటి చెడుతుంది. తలుపులు మూయండి అని నోటీసు పెడితే దొంగల భయంతో గొలుసు వేసి తాళం వేసే సంఘాలున్నాయి. డెలివరీ కుర్రాళ్లు మెట్లెక్కి వస్తున్నారని తాళం, పిల్లలు క్లాసు ఎగ్గొట్టి పారిపోతారని కోచింగ్ సెంటర్ల వాళ్లు తాళం, లోపలి సరుకు పోతుందని షాపింగ్ మాల్స్‌లో తాళం. 1997 జూన్ 13న ఢిల్లీ ఉపహార్ సినిమా హాల్లో 59 మంది చనిపోయారు. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర మొదలైన మంట తాలూకు పొగ బాల్కనీలోకి వచ్చింది, బయటపడే దారుల్లో అడ్డంకులున్నాయి, కొన్ని మూసి ఉన్నాయి. ఫైర్ డోర్ పొగ వైపు నుంచి చూస్తే గోడలా ఉండాలి, పారిపోయే మనిషికి మాత్రం తాళంచెవి లేకుండా, వెతుక్కోకుండా, చేత్తో తోస్తే తెరుచుకోవాలి. అందుకు తలుపుకు అడ్డంగా ఉండే, తోస్తే లాచ్ వదిలే కడ్డీ (పానిక్ బార్) చాలు, బయటి వైపు నుంచి రాకుండా హ్యాండిల్ తీసేయవచ్చు. దొంగ భయానికీ మంట భయానికీ మధ్య ఒకటే ఎంచుకోవాల్సిన అవసరం లేదు.

తలుపు మూసుకోకపోతే ఏమవుతుందో ప్రపంచం రెండుసార్లు కళ్లారా చూసింది. లండన్‌లో 24 అంతస్తుల గ్రెన్‌ఫెల్ టవర్ 2017 జూన్ 14న తగలబడి 72 మంది చనిపోయారు. గోడలకు బయట తొడిగిన పలకల గురించి అందరూ విన్నారు. విచారణ సంఘం 2019లో ఇచ్చిన తొలి నివేదికలో తలుపుల గురించి కూడా రాసింది. చాలా ఫ్లాట్ల తలుపులకు క్లోజర్లు లేవు, లేదా పనిచేయలేదు, జనం బయటికి పరుగెత్తాక అవి తెరిచే ఉండిపోయాయి, పొగ లాబీల్లోకి వచ్చింది. ఆ తర్వాత ఇంగ్లండ్‌లో 2023 జనవరి 23 నుంచి కొత్త నిబంధనలు అమల్లోకి వచ్చాయి. 11 మీటర్లకు మించిన నివాస భవనాల్లో ఉమ్మడి ప్రదేశాల ఫైర్ డోర్లను మూడు నెలలకొకసారి, ఫ్లాట్ల గుమ్మం తలుపులను ఏడాదికొకసారి చూడాలి.

రెండోది న్యూయార్క్‌లోని బ్రాంక్స్. 2022 జనవరి 9న 19 అంతస్తుల భవనంలో ఒక ఫ్లాట్‌లో గది వేడి చేసుకునే హీటర్ నుంచి మంట లేచింది. మంట ఆ ఫ్లాట్, దాని బయటి వరండా దాటి పెద్దగా పోలేదు. అయినా 17 మంది చనిపోయారు, అందులో 8 మంది పిల్లలు. అందరినీ పొగే చంపింది. ఆ ఇంట్లోవాళ్లు బయటికి పరుగెత్తాక ఫ్లాట్ తలుపు తనంతట తాను మూసుకోలేదు. పైన పదిహేనో అంతస్తులో మెట్ల తలుపు కూడా తెరిచే ఉంది. కింది తలుపు పొగను వదిలింది, పై తలుపు దాన్ని రానిచ్చింది.  న్యూయార్క్‌లో 2018 నాటి చట్టం మూడు లేదా అంతకు మించి ఫ్లాట్లున్న ప్రతి నివాస భవనంలో తలుపులు వాటంతట అవే మూసుకునేలా 2021 జూలై 31కల్లా సరిచేయాలని చెప్పింది. చట్టం ఉంది, గడువు దాటింది, ఆ భవనంలో తలుపు మాత్రం మూసుకోలేదు. కాగితం మీద రాసినంత మాత్రాన ఏ తలుపూ మూసుకోదని అంతకన్నా గట్టిగా ఏదీ చెప్పలేదు. పోయి తోసి చూసే మనిషి కావాలి.

అందుకే మీ శాఖను అడుగుతున్నాను.

భవనాలకు అగ్నిమాపక అనుమతి (ఎన్ఓసీ) ఇచ్చేటప్పుడు, పునరుద్ధరించేటప్పుడు పంపులు, హైడ్రెంట్లు, సిలిండర్ల గడువు తేదీలు చూస్తారు. ఇకనుంచి తలుపుల జాబితా కూడా అడగండి. ప్రతి టవర్‌లో ప్రతి అంతస్తులో ఏ తలుపు ఎన్ని నిమిషాలది, క్లోజర్ ఉందా, లాచ్ పడుతోందా, పట్టీలు ఉన్నాయా, రేకు ముక్క చదవడానికి వస్తోందా. ఈ జాబితా మీద సంఘం కార్యదర్శి సంతకం ఉండాలి. ఆ తర్వాత మీ అధికారి తనకు నచ్చిన మూడు అంతస్తులు తానే ఎంచుకుని, ముందు చెప్పకుండా వెళ్లి, ఆ తలుపులు తెరిచి వదిలి చూడాలి. సగం దాకా తెరిచి వదిలితే మూసుకోవాలి. చేయి పట్టేంత మాత్రమే తెరిచి వదిలినా మూసుకుని లాచ్ పడాలి. చాలా క్లోజర్లు మొదటి పరీక్ష నెగ్గి రెండోదాంట్లో ఓడిపోతాయి. సందు చూడటానికి పెద్ద సాధనం అక్కర్లేదు. రెండు రూపాయి బిళ్లలు ఒకదాని మీద ఒకటి పెడితే ఇంచుమించు 3 మిల్లీమీటర్లు. అవి సులువుగా ఊగుతూ దూరిపోతే ఆ సందు ఎక్కువే. తలుపుకు ఒక్క నిమిషం పడుతుంది.

బిల్డర్ సంఘానికి భవనం అప్పగించే రోజున లిఫ్టు కాగితాలు, జనరేటర్ కాగితాలు ఇస్తాడు. ఫైర్ డోర్ల కాగితాలు నాకు తెలిసిన ఏ సంఘం చేతికీ రాలేదు. ఏ తలుపుకు ఏ పరీక్షా పత్రం ఉందో తెలియకపోతే, చెడిపోయినప్పుడు దాని బదులు కార్పెంటర్ మామూలు ఫ్లష్ డోర్ బిగించిపోతాడు. రంగు వేశాక రెండూ ఒకేలా కనబడతాయి. ఆ కాగితాలు అప్పగించనిదే ఎన్ఓసీ ముందుకు కదలకుండా చూడండి.

మూడు నెలలకొకసారి తలుపులు చూసుకోవడం మన దగ్గర కూడా తప్పనిసరి చేయండి. పెద్ద ఖర్చేమీ లేదు. లిఫ్టులకు ఏడాది నిర్వహణ ఒప్పందం (ఏఎంసీ) ఇస్తున్నట్టే తలుపులను కూడా ఫైర్ ఏఎంసీలో చేర్చమని ఒక్క సర్క్యులర్ చాలు. 1999 నాటి ఫైర్ సర్వీస్ చట్టం మీకు తనిఖీ అధికారం ఇచ్చింది. ముందుగా మాలాంటి గేటెడ్ కమ్యూనిటీల దగ్గరికి రావద్దు. మేం మా గోడు మీడియాలో చెప్పుకోగలం, మీకు ఉత్తరాలు రాయగలం. లాడ్జిలు, చిన్న ఆసుపత్రులు, హాస్టళ్లు, కోచింగ్ సెంటర్లు, కింద దుకాణాలూ గోడౌన్లూ ఉండి పైన మనుషులు పడుకునే భవనాలకు ముందు వెళ్లండి. సెల్లార్‌లో విద్యుత్ బళ్లు ఛార్జింగ్ పెట్టే చోట సెల్లార్‌కూ మెట్లకూ మధ్య తలుపు మొట్టమొదట చూడండి. రూబీ హోటల్ తర్వాత కూడా అది చూడకపోతే ఇంకెప్పుడు చూస్తాం?

ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 దాకా మీరు అగ్నిమాపక వారోత్సవాలు జరుపుతారు. 1944లో బొంబాయి రేవులో నౌక పేలినప్పుడు ప్రాణాలు అర్పించిన సిబ్బందికి నివాళిగా మొదలైన వారం అది. ఆ వారంలో మీ వాళ్లు మా దగ్గరికి వచ్చి నూనె మంట పెట్టి, సిలిండర్‌తో ఆర్పి చూపిస్తారు, పిల్లలు చప్పట్లు కొడతారు. దానితో పాటు ఇంకొక ప్రదర్శన చేయండి. వరండాలో హాని లేని పొగ యంత్రం పెట్టి, ముందు మెట్ల తలుపు తెరిచి ఉంచి, తర్వాత మూసి చూపించండి. మెట్ల గది రెండుసార్లు ఎలా ఉందో పై అంతస్తుల నుంచి దిగి వచ్చి పిల్లలే చెబుతారు. ఇల్లు వదిలి పరుగెత్తేటప్పుడు వెనక తలుపు లాగి వెళ్లాలని ఆ రోజే వాళ్లకు నేర్పండి. ఎవరైనా లోపల ఉండిపోయారని తెలిస్తే ఆ మాట మీ సిబ్బందికి చెప్పాలి గానీ తలుపు తెరిచి వదిలేసి వెళ్లకూడదని కూడా.

ప్రతి ఫైర్ డోర్ మీద తెలుగులో, ఉర్దూలో, హిందీలో అతికించే ఒక పలకను మీ శాఖే తయారుచేసి ఇస్తే బావుంటుంది. ఎవరికి వారు ఇంగ్లీషులో రాసుకున్న బోర్డులు మా వాచ్‌మన్లకు, పనివాళ్లకు అందడం లేదు. మంటలొచ్చిన రాత్రి జనాన్ని మెట్ల వైపు నడిపించేది వాళ్లే. పలక మీద మూడు మాటలు చాలు: ఇది పొగను ఆపే తలుపు. దీన్ని మూసి ఉంచండి. దీనికి తాళం వేయకండి.

మా సముదాయంలో అన్ని అంతస్తుల తలుపుల జాబితా సిద్ధంగా ఉంది. సరిగ్గా మూసుకోనివి, క్లోజర్లు మార్చాల్సినవి, బెజ్జాలు పూడ్చాల్సినవి అందులో విడివిడిగా రాశాం. మీ తనిఖీకి నమూనాగా పనికొస్తుందనుకుంటే అది మీ జిల్లా అగ్నిమాపక అధికారికి అందజేస్తాం. మీ అధికారి ఏ రోజు వచ్చినా, ముందు కబురు చేయకపోయినా, గేటు దగ్గర ఆపవద్దని సెక్యూరిటీకి చెప్పి ఉంచాం. మెట్ల దారిన ఎక్కి రమ్మనండి, ప్రతి అంతస్తులో తలుపు తోసి చూడమనండి.

ఇట్లు
మీ విధేయుడు,
హైదరాబాద్‌లోని ఒక అపార్ట్‌మెంటు ఓనర్ల సంఘం సభ్యుడు